ఎకో, రివర్బ్, పాత పెడళ్లు కంప్యూటర్‌లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఓ చిన్న రికార్డింగ్ గది నడుపుతూ, తీరిక దొరికినప్పుడు ఎఫెక్ట్ ప్లగిన్లు, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలు, రాసుకుంటుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు: కీర్తనలు పాడేవాళ్లు, గిటార్ కుర్రాళ్లు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పట్టుకొచ్చే ఈసీఈ విద్యార్థులు. ముగ్గురి సందేహాలూ తిప్పి తిప్పి ఇవే. ఒకే జవాబును వాట్సాప్‌లో పదిసార్లు టైప్ చేయలేక అన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు, ఎవరికి కావలసింది వాళ్లు చూసుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అనలాగ్ ఎఫెక్ట్‌ను మోడల్ చేయడం అంటే ఏంది సార్? రికార్డు చేసి పెట్టుకోవడమా?

కాదు. పెడల్, అంటే శబ్దాన్ని మార్చే కాలితో నొక్కే డబ్బా, దాని గుండా ఒక పాట పంపి రికార్డు చేస్తే ఆ పాట ఒక్కటే మిగులుతుంది. మోడల్ అంటే లోపలికి ఏ శబ్దం వచ్చినా ఆ పెడల్ దాన్ని ఏం చేసి ఉండేదో లెక్కగట్టే ప్రోగ్రాం. సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు ఒక అంకె (దీన్నే శాంపిల్ అంటాం) లోపలికొస్తుంది, ఒక అంకె బయటికి పోతుంది. ఆ మధ్య జరిగే లెక్కే మోడల్.

తమాషా ఏమిటంటే, పాత పరికరాలు చేసిన ఇంజనీర్లు ఏ లోపాలను వదిలించుకోవాలని తంటాలు పడ్డారో వాటినే మనం ఇప్పుడు ఏరి ఏరి కోడ్‌లో పెడుతున్నాం. టేపు వేగం కాస్త ఊగడం, స్ప్రింగు కీచుమనడం, చిప్పులో పైశబ్దాలు మాసిపోవడం, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఎవరైనా గంటలో రాయగల ఉత్త డిలే, ఉత్త ఫిల్టర్.

ఎకో, రివర్బ్ రెండూ ఒకటే కదా? మైక్ సెట్ వాళ్లు అన్నిటినీ ఎకో అనే అంటారు.

వాళ్ల మాటలో ఒకటే, చెవికి వేరు. మాట మళ్లీ మాటగా వినిపిస్తే ఎకో. వేల ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి విడదీయలేని ముద్దయితే రివర్బ్. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరంలో బండ ఉంటే, మీరు "గోవిందా" అన్న 200 మిల్లీసెకన్లకు అది తిరిగొస్తుంది. అది ఎకో. రాతి మండపంలో చప్పట్లు కొడితే "ఘుం" అని సాగి సాగి ఆగిపోతుంది. అది రివర్బ్. "ఎకో పెంచన్నా" అని ఎవరైనా అడిగితే నేను ఎదురడిగేది ఒక్కటే: మాట తిరిగి రావాలా, గొంతు వెనక జాగా కావాలా? పదిమందిలో తొమ్మిదిమందికి కావలసింది జాగానే.

ఇంటర్ తర్వాత మ్యాథ్స్ ముట్టుకోలేదు. నాకు కుదురుతుందా?

రివర్బ్ వరకు కుదురుతుంది. కూడిక, గుణకారం, "ఇన్ని శాంపిళ్ల కిందటి విలువ తీసుకో" అన్న ఆలోచన చాలు. డయోడ్, ట్యూబ్ సర్క్యూట్లకు వచ్చేసరికి మాత్రం అవకలన సమీకరణాలు తప్పవు.

ఏ భాషలో రాయాలి? మామూలు లాప్‌టాప్ చాలా?

చాలు. బొమ్మలు గీసినట్టు తీగలు కలుపుకుంటూ నేర్చుకోవాలంటే మిల్లర్ పకెట్ చేసిన ప్యూర్ డేటా బాగుంటుంది. ఫ్రాన్స్‌లోని గ్రామ్ సంస్థలో పుట్టిన ఫౌస్ట్ అనే భాషలో నాలుగు లైన్లు రాస్తే ఒక ఫిల్టర్ తయారవుతుంది. సొంత ప్లగిన్ బయటికి ఇవ్వాలనుకున్న రోజు సీ ప్లస్ ప్లస్ ఎటూ తప్పదు.

## పెడల్ మూత విప్పాక

సర్క్యూట్ మొత్తం రాయాలా, బయటి నుంచి విని రాసినా సరిపోతుందా?

రెండు దారులూ ఉన్నాయి. ప్రతి రెసిస్టర్, ప్రతి కెపాసిటర్ లెక్కలోకి తీసుకుంటే దాన్ని వైట్ బాక్స్ అంటారు. మూత విప్పకుండా లోపలికి ఏం పంపితే బయటికి ఏం వచ్చిందో చూసి అంచనా కడితే బ్లాక్ బాక్స్. సగం సగం చేసేది గ్రే బాక్స్. సర్క్యూట్ బొమ్మ దొరికి, అందులో ఐదారు ముఖ్యమైన భాగాలే ఉంటే వైట్ బాక్స్‌కే నా ఓటు. ఎందుకంటే నాబ్ తిప్పినప్పుడు ఏం మారాలో సర్క్యూటే చెబుతుంది. పరికరం మీ చేతికి రెండు రోజులకు మాత్రమే అరువొచ్చిందంటే కొలతలు తీసుకుని పెట్టుకోండి, మిగతాది తర్వాత.

డిస్టార్షన్ అంటే టాన్‌హెచ్ ఫంక్షన్ ఒకటి పెడితే అయిపోతుంది కదన్నా?

టాన్‌హెచ్ అంటే శబ్దం పెద్దదయ్యేకొద్దీ చదునుగా వంగిపోయే గీత, ఇలాంటివాటిని నేను వంపు అంటాను. దానితో శబ్దం చిట్లుతుంది, పెడల్ మాత్రం కాదు. గిటార్ వాళ్లందరికీ తెలిసిన ట్యూబ్ స్క్రీమర్ అనే డిస్టార్షన్ పెడల్‌నే తీసుకోండి. అందులో ఆప్ ఆంప్ చుట్టూ ఉన్న ఫీడ్‌బ్యాక్ దారిలో ఎదురెదురుగా డయోడ్లు ఉంటాయి. నేల వైపు వెళ్లే దారిలో 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. ఆ రెంటి లెక్క చూస్తే 720 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. దానికన్నా కింది స్వరాలకు గెయిన్ తగ్గుతూ పోతుంది కాబట్టి బేస్ తీగలు అంతగా చిట్లవు, మధ్య స్వరాలు మాత్రం బాగా నలుగుతాయి. పైగా డయోడ్లు తెరుచుకున్నా అసలు శబ్దం పూర్తిగా పోదు, చిట్లిన దానితో పాటు కలిసి బయటికి వస్తుంది. జనం "మిడ్స్‌లో మజా ఉంది" అనేది దీన్నే. ఉత్త టాన్‌హెచ్ పెడితే బేస్ కూడా సమానంగా నలిగి, తడి బియ్యప్పిండి ముద్దలా ఉంటుంది. ముందు ఫిల్టర్, ఆ తర్వాత వంపు, చివర ఇంకో ఫిల్టర్, పక్కనుంచి శుభ్రమైన శబ్దం: ఈ నాలుగూ పెట్టి చూడండి, సమీకరణం రాయకముందే సగం దూరం వచ్చేస్తారు.

పై స్వరం వాయిస్తే కింద ఎక్కడో సంబంధం లేని కూత వినిపిస్తోంది. బగ్గా?

కోడ్ బగ్ కాదు, ఏలియాసింగ్. వంపు ఏదైనా కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెండు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలు, పుట్టిస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ రేటులో 22.05 దాటినవి బయటికి పోవు, అద్దంలోలా వెనక్కి మడతపడతాయి. 5 కిలోహెర్ట్జ్ స్వరాన్ని సమానంగా చిట్లించారనుకోండి. ఐదో హార్మోనిక్ 25, అది 19.1గా తిరిగొస్తుంది. ఏడోది 35, అది 9.1 అవుతుంది. తొమ్మిదోది 45, అది ఏకంగా 900 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. మీరు వాయించిన స్వరం కన్నా కింద, ఏ శ్రుతికీ చెందకుండా. మీరు విన్న కూత అదే.

మందు ఓవర్‌శాంప్లింగ్: రేటును 4 లేదా 8 రెట్లు పెంచి, అక్కడ చిట్లించి, పైది వడగట్టి, మళ్లీ దించాలి. సీపీయూ తక్కువుంటే ఇంకో దారి ఉంది. 2016లో పార్కర్, జవాలిషిన్, లె బివిక్ ప్రచురించిన పద్ధతిలో వంపును నేరుగా వాడకుండా, దాని సమాకలనం రెండు శాంపిళ్ల మధ్య ఎంత మారిందో చూసి ఆ తేడాను ఆ రెండు శాంపిళ్ల తేడాతో భాగిస్తారు. రెండూ కలిపితే 2 రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తోనే శబ్దం చాలా శుభ్రపడుతుంది.

ఫిల్టర్‌ను 10 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే 8.7 దగ్గర కోస్తోంది. ఎందుకు?

అనలాగ్ ఫిల్టర్‌ను డిజిటల్‌గా మార్చే బైలీనియర్ ట్రాన్స్‌ఫార్మ్ వాడి ఉంటారు. అది అనంతం దాకా ఉన్న అనలాగ్ ఫ్రీక్వెన్సీలన్నిటినీ నైక్విస్ట్ (శాంపిల్ రేటులో సగం) లోపల కుక్కుతుంది, అందుకే పైభాగం కుంచించుకుపోతుంది. 44.1 రేటులో 10 పోయి దాదాపు 8.7 దగ్గర పడుతుంది. కావలసిన ఫ్రీక్వెన్సీని ముందే టాన్ ఫంక్షన్‌తో సాగదీసి ఇవ్వండి, కోత సరైన చోట పడుతుంది. ఫిల్టర్ గీత ఆకారంలో కాస్త తేడా మిగులుతుంది, అది ఓవర్‌శాంప్లింగ్‌తో తగ్గుతుంది.

పాత మూగ్ సింథసైజర్‌లోని ఫిల్టర్ రాస్తే రెజొనెన్స్ పెంచేకొద్దీ శ్రుతి పక్కకు పోతోంది.

ఫీడ్‌బ్యాక్ లూపులో ఒక శాంపిల్ డిలే పెట్టి ఉంటారు. కోడ్‌లో అది సహజంగానే వచ్చేస్తుంది, అనలాగ్ తీగలో మాత్రం ఆ ఆలస్యం లేదు. స్టిల్సన్, స్మిత్ 1996లోనే ఈ చిక్కు గురించి రాశారు. 2004లో హువొవిలైనెన్ ప్రతి మెట్టులోనూ వంపు పెట్టి దాన్ని అసలుకు దగ్గర చేశాడు. ఆలస్యమే లేకుండా కావాలంటే ప్రతి శాంపిల్‌కూ సమీకరణం తేల్చాలి. లీనియర్ భాగమైతే బీజగణితంతో తేలుతుంది, వంపు ఉంటే న్యూటన్ పద్ధతిలో రెండు మూడు చుట్లు తిరగాలి. ఆల్‌ఫ్రెడ్ ఫెట్‌వైస్ కనిపెట్టిన వేవ్ డిజిటల్ ఫిల్టర్లు ఇంకో దారి. డయోడ్ ఒక్కటే ఉన్న సర్క్యూట్లకు అవి ముచ్చటగా కుదురుతాయి.

పాత కోరస్, డిలే పెడళ్లలో ఆ మెత్తదనం ఎక్కడిది?

బకెట్ బ్రిగేడ్ చిప్పుది. జాతరలో వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకున్నట్టు, వోల్టేజీని ఒక కెపాసిటర్ నుంచి పక్క కెపాసిటర్‌కు అందిస్తూ పోతుంది. 1969లో ఫిలిప్స్‌లో సాంగ్‌స్టర్, టీర్ దీన్ని చేశారు. ఎంఎన్3007 అనే చిప్పులో 1,024 మెట్లుంటాయి. ఆలస్యం అంటే మెట్ల సంఖ్యను గడియారం వేగానికి రెట్టింపుతో భాగించడమే. గడియారం 10 కిలోహెర్ట్జ్ అయితే 51.2 మిల్లీసెకన్లు. ఎక్కువ ఆలస్యం కావాలంటే గడియారం నెమ్మదించాలి, నెమ్మదిస్తే పై ఫ్రీక్వెన్సీలు నిలవవు, అందుకే ముందూ వెనకా గట్టి ఫిల్టర్లు పెట్టారు. చేతులు మారేటప్పుడు బిందెలో నీళ్లు కాస్త ఒలికినట్టు శబ్దమూ ఒలుకుతుంది. ప్రతి రిపీటూ ముందుదానికన్నా మసకగా వినిపించేది అందుకే.

కోడ్‌లో రెండు సంగతులు మరవకండి. ఆ ఫిల్టర్లు ఫీడ్‌బ్యాక్ లూపు లోపల ఉండాలి, బయట కాదు. ఆలస్యాన్ని ఊపేటప్పుడు 712 శాంపిళ్ల నుంచి 713కు దూకకూడదు, మధ్యలో 712.4 కూడా కావాలి కాబట్టి ఇంటర్‌పొలేషన్ పెట్టండి. లేకపోతే కోరస్‌లో పురుగు కొరికినట్టు చిటచిట వినిపిస్తుంది.

న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇస్తే అదే నేర్చుకుంటుంది కదా, ఇంత బాధ ఎందుకు?

యాంప్‌ను ఒకే సెట్టింగులో పట్టుకోవాలంటే నిజంగానే బాధ అక్కర్లేదు. కొన్ని నిమిషాల గిటార్ శబ్దం లోపలికి పంపి, వచ్చింది రికార్డు చేసి, న్యూరల్ యాంప్ మోడలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే చెవికి తేడా పట్టనంత దగ్గరగా వస్తుంది. చిక్కు నాబ్‌ల దగ్గర. మూడు నాబ్‌లు, ఒక్కోదానికి పది స్థానాలు అనుకున్నా వెయ్యి కలయికలు. కోరస్, ఫేజర్ లాంటి వాటిలో లోపల ఒక ఊపు తన పాటికి తాను తిరుగుతూ ఉంటుంది, దాన్ని నేర్పడం ఇంకా కష్టం. ఇక ఇంటర్వ్యూలో "నెట్‌వర్క్ ఏం నేర్చుకుంది?" అని అడిగితే ఏం చెప్పాలో ముందే ఆలోచించుకోండి.

## రివర్బ్ కట్టేటప్పుడు

రివర్బ్ ఆల్గారిథం ఎక్కడ మొదలుపెట్టాలి?

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ దగ్గర. 1961, 62లో ఆయన ఇచ్చిన నమూనా అరవై ఏళ్లు దాటినా నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. నాలుగు కోంబ్ ఫిల్టర్లు పక్కపక్కన, వాటి తర్వాత రెండు ఆల్‌పాస్ ఫిల్టర్లు ఒకదాని వెంట ఒకటి. కోంబ్ అంటే ఎదురెదురు గోడల మధ్య చప్పట్లు కొట్టడం లాంటిది: శబ్దం పోయి, కాస్త తగ్గి, మళ్లీ వస్తుంది. వాటి ఆలస్యాలు 30 నుంచి 45 మిల్లీసెకన్ల మధ్య. ఆల్‌పాస్‌లు 5, 1.7 మిల్లీసెకన్లు, గుణకం 0.7. అవి ప్రతిధ్వనుల సంఖ్యను పెంచుతాయి కానీ స్వరాల రంగు పెద్దగా మార్చవు.

ఎంతసేపు మోగాలో మీరే లెక్కగట్టవచ్చు. శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలాన్ని మోగే కాలం అంటాం. కోంబ్ గుణకం అంటే 10కి ఘాతం మైనస్ 3 ఇంటూ ఆలస్యం బై మోగే కాలం. 30 మిల్లీసెకన్ల కోంబ్ 2 సెకన్లు మోగాలంటే గుణకం 0.90. నాలుగు కోంబ్‌లకూ ఒకే గుణకం పెట్టకండి, పొడవైనది ఎక్కువసేపు మోగి తోక వంకర పోతుంది. ప్రాజెక్టుల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

నా రివర్బ్ రేకుడబ్బా మీద కొట్టినట్టు మోగుతోంది. ఎట్లా తగ్గించాలి?

మూడు అనుమానాలు పెట్టుకోండి. ఒకటి, ఆలస్యాలు ఒకదానికొకటి గుణిజాలై ఉండొచ్చు. 1,000, 1,500, 2,000 అని పెడితే ప్రతిధ్వనులు ఒకేచోట పడి ఆ శ్రుతి బయటికి పొడుచుకొస్తుంది. అందరూ చదివే ఫ్రీవర్బ్ కోడ్‌లో ఎనిమిది కోంబ్‌ల ఆలస్యాలు 1116, 1188, 1277, 1356 అంటూ తిక్కతిక్కగా ఉండేది అందుకే. రెండు, లూపులో లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) లేకపోవడం. నిజం గదిలో గాలి, గుడ్డలు, మనుషులు పై ఫ్రీక్వెన్సీలను ముందు తాగేస్తారు. 1979లో జేమ్స్ మూరర్ ప్రతి కోంబ్ లోపల ఒక లోపాస్ పెట్టి చూపించాడు, ఒక్క గుణకారం ఖర్చుతో డబ్బా శబ్దం సగం పోతుంది. మూడు, ఏదీ కదలకపోవడం. రెండు ఆలస్యాలను చాలా నెమ్మదిగా, ఒకటి రెండు శాంపిళ్ల మేర ఊపండి. ఎక్కువ ఊపితే వీణ తోక శ్రుతి తప్పి వణుకుతుంది, జాగ్రత్త.

డోలు దెబ్బ ఒక్కటి తీసుకుని పరీక్షించండి. గొంతు అబద్ధాలన్నీ కప్పేస్తుంది, డోలు కప్పదు.

ఎఫ్‌డీఎన్ అంటే?

ఫీడ్‌బ్యాక్ డిలే నెట్‌వర్క్. కోంబ్‌లు ఎవరి శబ్దం వాళ్లే తిప్పుకుంటాయి. ఇక్కడ ప్రతి డిలే చివర వచ్చిన శబ్దాన్ని ఒక మాత్రిక అన్ని డిలేలకూ పంచుతుంది. 1982లో స్టాట్నర్, పకెట్ రాశారు, 90లలో జోత్ దాన్ని అదుపు చేసే పద్ధతి చూపించాడు. మాత్రిక శక్తిని పెంచకూడదు, తగ్గించకూడదు. హడమార్డ్ మాత్రికైతే కూడికలు, తీసివేతలతోనే పని అయిపోతుంది. మోగే కాలాన్ని విడిగా, డిలే పక్కన ఉండే ఫిల్టర్లతో పెట్టుకోవచ్చు. ఈ రోజు కొత్తగా రివర్బ్ రాస్తుంటే 8 డిలేల ఎఫ్‌డీఎన్ రాయండి.

ప్లేట్, స్ప్రింగ్ అని ప్లగిన్లో ఉంటుంది. అవి గదులా?

గదులు కావు, లోహం. తిరుపతిలో రేకు అంటే ముందు గుర్తొచ్చేవి అన్నమయ్య రాగిరేకులే, ఇది మాత్రం ఉక్కు రేకు. 1957లో జర్మనీ కంపెనీ ఈఎంటీ చేసిన 140 నమూనాలో సుమారు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న రేకు వేలాడుతుంటుంది. ఒకచోట దాన్ని కదిలిస్తారు, మరోచోట ఆ కదలికను పట్టుకుంటారు. రేకులో పై ఫ్రీక్వెన్సీలు వేగంగా పరిగెడతాయి, కిందివి వెనకబడతాయి. స్ప్రింగులో తిరగబడుతుంది, కిందివి ముందు, పైవి వెనక. అందుకే స్ప్రింగు ఉన్న యాంప్‌ను తడితే "పియ్యూ" మంటుంది. ఈ ముందువెనకలను వందల చిన్న ఆల్‌పాస్‌లు వరుసగా పెట్టి తెప్పిస్తారు. అదే ఈఎంటీ 1976లో 250 పేరుతో డిజిటల్ రివర్బ్ తెచ్చింది, రెండేళ్లకు లెక్సికన్ 224 వచ్చింది.

## నిజం గదిని పట్టుకోవాలంటే

పాత రాతి మండపం శబ్దాన్ని యథాతథంగా పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు, ముందు అనుమతి తీసుకోండి. కొండ మీద శ్రీవారి ఆలయంలోకి ఫోన్ కూడా తీసుకెళ్లనివ్వరు, ఆ ఆలోచనే వద్దు. చంద్రగిరి కోట పురావస్తు శాఖది, అక్కడ స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. అనుమతి సులభంగా దొరికే చోటు ఊరి భజన మందిరమో, పెళ్లి లేని రోజు కల్యాణ మండపమో.

పద్ధతి ఇది. స్పీకర్ నుంచి 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే కూతను వదిలి మైక్‌తో రికార్డు చేయాలి. దాన్ని చివర నుంచి మొదటికి తిరగేసిన కూతతో కన్వల్యూషన్ (ఒక శబ్దంలోని ప్రతి శాంపిల్‌తో రెండోదాన్ని గుణించి కూడే లెక్క) చేస్తే గది సంతకం, అంటే ఇంపల్స్ రెస్పాన్స్, బయటపడుతుంది. ఇటలీ ఆచార్యుడు ఆంజెలో ఫారినా 2000లో చూపిన ఈ పద్ధతిలో స్పీకర్ తాలూకు డిస్టార్షన్ విడిగా ముందుకు జరిగిపోతుంది, కోసేయవచ్చు. బుడగ పగలగొట్టినా పనవుతుంది కానీ బేస్ సరిగా రాదు. ఫ్యాన్లు ఆపండి. నేను ఓసారి అంతా చేసి ఇంటికొచ్చి వింటే, ప్రతి పాట తోకలోనూ ఒక పావురం.

మండపం ఖాళీగా ఉన్నప్పుడు ఘోరంగా మోగింది, పెళ్లి నాడు సరిపోయింది. ఏది నిజం?

రెండూ. హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ 1890లలో రాత్రిపూట పక్క థియేటర్ నుంచి సీటు కుషన్లు మోయించి తెచ్చి, ఆర్గాన్ గొట్టం, స్టాప్‌వాచీతో ఇదే తేల్చాడు. మోగే కాలం అంటే 0.161 ఇంటూ ఘనపరిమాణం బై మొత్తం శోషణ. 30 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 6 ఎత్తున్న మండపం 2,700 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 1,440 చదరపు మీటర్లు. సున్నం గోడలు, గ్రానైట్ నేల 5 శాతం తాగుతాయనుకుంటే శోషణ 72, మోగే కాలం 6 సెకన్లు. మనిషి 0.45 చొప్పున 300 మంది కూర్చుంటే శోషణ 207, మోగే కాలం 2.1 సెకన్లు. పట్టుచీరలు, పూలజడల లెక్క వేరే వేయలేదు. ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసి ఎఫెక్ట్ సెట్ చేసుకునేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

కన్వల్యూషన్ రివర్బ్ పెడితే లాప్‌టాప్ నిలబడుతుందా?

నేరుగా చేస్తే నిలబడదు. 48 కిలోహెర్ట్జ్‌లో 3 సెకన్ల సంతకం అంటే 1,44,000 శాంపిళ్లు. సెకనుకు దాదాపు 690 కోట్ల గుణకారాలు. ఎఫ్‌ఎఫ్‌టీతో ముక్కలు ముక్కలుగా చేస్తే తేలికైపోతుంది. మొదటి ముక్కలు చిన్నవి, తర్వాతివి పెద్దవి చేసుకుంటూ పోతే ఆలస్యం కూడా తెలియకుండా చేయవచ్చని విలియం గార్డ్‌నర్ 1995లో చూపాడు.

## పాటలో వాడేటప్పుడు

అన్నమయ్య కీర్తనకు రివర్బ్ ఎంత పెట్టాలి?

అక్షరం చెడనంత. 20 నుంచి 40 మిల్లీసెకన్ల ప్రీ డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఖాళీ) ఇవ్వండి, గొంతు ముందుకొచ్చి తోక వెనక నిలబడుతుంది. రివర్బ్‌లోకి వెళ్లే దారిలో 200 హెర్ట్జ్ కింద కోసేయండి, మృదంగం తొప్పి వైపు ముద్ద కాదు. వింటున్నప్పుడు రివర్బ్ ఉందో లేదో తెలియకూడదు, మ్యూట్ చేస్తే "ఏదో పోయిందే" అనిపించాలి. భక్తి పాట అనగానే గుహలో పాడినట్టు పెట్టే అలవాటు మన దగ్గర ఎందుకు వచ్చిందో కానీ, ఒత్తులూ ద్విత్వాలూ అందులోనే మునిగిపోతున్నాయి.

పాట ఆగిపోయాకే లాప్‌టాప్ ఫ్యాన్ గుయ్యిమంటోంది. వాయించేటప్పుడు బాగానే ఉంది.

డీనార్మల్ అంకెలు. రివర్బ్ తోక తగ్గి తగ్గి సున్నా కాకుండా 10కి ఘాతం మైనస్ 38 కన్నా చిన్నదవుతుంది. అంత చిన్న అంకెలకు చాలా ప్రాసెసర్లు ఎన్నో రెట్లు ఎక్కువ సమయం తీసుకుంటాయి. దీనికి నేను రెండు రోజులు మెమరీ లీక్ అనుకుని కోడంతా వెతికాను. ప్రాసెసర్‌కు "అంత చిన్నవి సున్నా చేసెయ్" అని చెప్పే సెట్టింగు ఉంది, ఒక్క లైను.

నా మోడల్ అసలు పెడల్‌తో సరిపోయిందని ఎట్లా తెలుస్తుంది?

కళ్లు మూసి వినిపించాలి. రెండింటి లెవెల్ కచ్చితంగా సమానం చేయండి, ఎందుకంటే కాస్త గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపించి రాయించుకోండి. ఐదారు సరైతే వాళ్లు ఊహిస్తున్నట్టే. రాసినవాడు మాత్రం తన మోడల్‌ను తాను పరీక్షించకూడదు, చెవి కోరుకున్నదే వింటుంది.

నా మొదటి ఓవర్‌డ్రైవ్‌ను ఓ గిటార్ స్నేహితుడికి ఇట్లాగే వినిపించాను. పదికి పదీ కనిపెట్టేశాడు. డయోడ్ సమీకరణంలో ఎక్కడ తప్పానా అని టెన్షన్ పడి, ఎట్లా పట్టుకున్నావని అడిగితే "నీదాంట్లో గుయ్యి లేదబ్బా" అన్నాడు. నా పాత అడాప్టర్ నుంచి పెడల్‌లోకి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ అది. స్వరాల మధ్య ఖాళీలో వాడు దాన్నే వింటున్నాడు. 50, 100 హెర్ట్జ్ సన్నగా కలిపి మర్నాడు మళ్లీ కూర్చోబెట్టాను. పదికి ఐదు.